చోటుంది, కూర్చో

బండారవేలలో ఏడున్నర బస్సు ఎక్కేటప్పటికి సన్నగా వాన పడుతోంది. మా కొండల్లో ఈ నెలలో వాన పడకపోతేనే చెప్పుకోవాలి. అది పాత ఎర్ర బస్సు. సగం కిటికీలు మూసుకోవు, తక్కిన సగం తెరుచుకోవు. కండక్టర్ జినదాస నాకు తెలిసినవాడే. "ఇంత పొద్దున్నే ఎక్కడికి అక్కా?" అన్నాడు. ఆర్డ్‌వేల్ టీ ఫ్యాక్టరీకి అన్నాను. టికెట్ చింపి ఇచ్చి ముందుకు వెళ్ళిపోయాడు. ఆర్డ్‌వేల్ పేరు చెబితే ఇప్పుడు ఎవరూ రెండో మాట అడగరు.

ఇరవై రెండు రోజుల కిందట అక్కడ కొండ జారింది. ఫ్యాక్టరీ దిగువన కూలివాళ్ళ ఇళ్ళ వరుస ఒకటి, మేము లయం అంటాం, తెల్లవారుజామున మట్టి కిందికి పోయింది. వారం రోజులు తవ్వి వదిలేశారు. పదకొండు మంది దొరకలేదు. వాళ్ళలో మా చెల్లెలు పవళం ఒకతె. ఫ్యాక్టరీలో టీపొడి జల్లించే గదిలో పనిచేసేది.

అంతకు మూడు రోజుల ముందు నాకు ఫోన్ చేసింది. గోడ బీటలు వారిందనీ, భయంగా ఉందనీ, నాలుగు రోజులు మా ఇంట్లో ఉంటాననీ అంది. మాది రెండు గదుల ఇల్లు. నేనూ మా ఆయనా కాక అమ్మ కూడా మా దగ్గరే ఉంటుంది. ఆ వారం మా మరిది కుటుంబం కూడా వచ్చి పడింది. "కాలు పెట్టడానికి చోటు లేదే, వచ్చే ఆదివారం రా" అన్నాను. సరే అక్కా అంది. అలిగినట్టు కూడా లేదు. బుధవారం కొండ జారింది.

నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. పలకరించడానికి వచ్చినవాళ్ళకి టీ పెట్టాను, గిన్నెలు తోముకున్నాను. అమ్మ మాత్రం గుమ్మంలో చతికిలబడి, శవాన్ని కళ్ళతో చూస్తే గానీ కర్మ జరగనివ్వనంది. అన్నం ముట్టడం మానేసింది. గంజినీళ్ళ మీద ఎన్నాళ్ళు ఉంటుంది? ఇంకో వారం కష్టమని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

మొన్న మరుదాయి అక్క ఫోన్ చేసింది. పవళం పక్కనే కూర్చుని పదేళ్ళు జల్లెడ పట్టిన మనిషి. పవళం పొద్దుటి షిఫ్టుకి వస్తోందట. జల్లెడ ముట్టదు, కూర్చోదు, ఆడవాళ్ళ వెనకాల ఊరికే నిలబడి ఉంటుందట. మా తోటల్లో దీనికి ఒకటే దారి. ఇంటికి పెద్దది వచ్చి, పేరు పెట్టి పిలిచి, ఇక వెళ్ళమని చెప్పాలి. ఒక్కసారే చెప్పాలి. "నీ నోటితో చెబితే వెళ్ళిపోతుంది యోగమ్మా. మీ అమ్మకి కూడా నచ్చజెప్పుకోవచ్చు" అంది. ఒకసారి రావద్దన్న నోటితోనే ఇప్పుడు వెళ్ళిపొమ్మనాలి. వస్తానన్నాను.

రెండు స్టాపులు దాటేసరికి బస్సు కిక్కిరిసింది. స్కూలు పిల్లలు, క్యారెట్ బస్తాలు, గొడుగులు. మా బస్సుల్లో సీటు దొరికినవాళ్ళు, నిలబడ్డవాళ్ళ సంచులు అందుకుని ఒళ్ళో పెట్టుకుంటారు. అడగడం ఉండదు, మొహం చూడడం కూడా ఉండదు. నేను ఒక స్కూలు బ్యాగు అందుకున్నాను. కాసేపటికి ఇంకో గుడ్డసంచి చేతికి వచ్చింది. "దిగేటప్పుడు అడుగు, ఇస్తాను" అన్నాను అలవాటుగా. సంచి తడిగా ఉంది. వాన కదా అనుకున్నాను.

పైకి వెళ్ళేకొద్దీ మంచు దట్టమైంది. పిల్లలు దిగారు, స్కూలు బ్యాగు వెళ్ళిపోయింది. బస్తాలు దిగాయి. నా పక్క సీటు కూడా ఖాళీ అయింది. బస్సులో నలుగురం మిగిలాం. గుడ్డసంచి మాత్రం నా ఒళ్ళోనే ఉంది. దాని తడి చీరలోంచి తొడలకి దిగింది. చల్లగా... మరీ చల్లగా. వాసన కూడా వస్తోంది. వాన వాసన కాదు. లోతుగా తవ్విన మట్టి వాసన. ఆ మట్టి కింద ఇంకోటి, ఫ్యాక్టరీ అటక మీద ఆరబోసిన ఆకు వాసన. పవళం జుట్టు ఎప్పుడూ అదే వాసన వేసేది.

కళ్ళు దించి చూశాను. నా సీటు పక్కన, నడవలో, రెండు కాళ్ళు. చెప్పులు లేవు. చీలమండల దాకా ఎర్రమట్టి. మలుపు దగ్గర బస్సు ఒక్క ఊపు ఊపితే మేమంతా ఒరిగాం. ఆ కాళ్ళు కదల్లేదు.

తల ఎత్తలేదు. భయమా అంటే తెలియదు. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. చేతులు మాత్రం సంచి మీద నావి కానట్టున్నాయి.

జినదాస వెనక నుంచి వచ్చాడు. ఖాళీ బస్సు, కావలసినంత దారి ఉంది. నా సీటు దగ్గరికి రాగానే పక్కకి తిరిగి, కడుపు లోపలికి పీల్చి, ఇరుక్కుంటూ దాటాడు. అలా ఎందుకు దాటాడో అతనికే తెలిసినట్టు లేదు.

ఇంకొక్క స్టాపు. ఇక్కడే చెప్పేయాలి... ఒక్కసారే. అమ్మ గుర్తొచ్చింది.

"పవళం" అన్నాను.

కాలివేళ్ళు మెల్లగా నా వైపు తిరిగాయి.

వెళ్ళు అనాలి. చిన్న మాట. నోరు తెరిచాను...

"చోటుంది" అన్నాను. "కూర్చో."

ఒళ్ళోంచి బరువు లేచిపోయింది. పక్క సీటు కిర్రుమని కిందికి దిగింది.

 నేను ముందు అద్దం వైపే చూశాను. భుజం దాకా చెయ్యి మొద్దుబారిపోయింది. ఫ్యాక్టరీ దగ్గర ఆ పక్కకి చూడకుండానే లేచి దిగాను. తను దిగలేదు. బస్సు పైకి వెళ్ళిపోయింది. అక్కడ తిప్పుకుని మళ్ళీ మా బండారవేలకే పోతుంది.

మరుదాయి అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. పవళం ఇవాళ రాలేదనీ, మూడు వారాల్లో ఇదే మొదటిసారనీ చెప్పింది. "చెప్పేశావా తల్లీ?" అని అడిగింది. చెప్పానన్నాను. నా రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. లోపల ఆడవాళ్ళు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, కొబ్బరి రొట్టె, వేడి టీ ఇచ్చారు. ఎవరో ఏదో వేళాకోళమాడితే అందరూ నవ్వారు. ఎన్నాళ్ళకి నవ్వామో అనుకున్నారు. ఆ నవ్వు చూసి నిజం చెప్పబుద్ధి కాలేదు. నాలుక కాలాక గానీ టీ వేడిగా ఉందని తెలియలేదు.

పదకొండు దాటాక ఫోన్ మోగింది. అమ్మ. ఇన్నాళ్ళూ ఫోన్ ముట్టని అమ్మ. నోటి నిండా అన్నం పెట్టుకుని మాట్లాడుతోంది.

"పవళం వచ్చిందే. అక్కే రమ్మంది, చోటుందంది అంటోంది."

టీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

"ఒక్కతే రాలేదు. లయంలో వాళ్ళని కూడా తీసుకొచ్చింది, అందరివీ మట్టికాళ్ళే. కూర్చోమంటే ఒక్కరూ కూర్చోరు. నువ్వొచ్చి చెప్పాలట."

"మా ఆయనేడమ్మా?" అన్నాను.

"వాళ్ళతోనే నిలబడ్డాడు." అమ్మ గొంతు తగ్గించింది. "త్వరగా రావే. రెండు గదులూ నిండిపోయాయి."

"పదకొండు మందే కదమ్మా" అన్నాను.

అమ్మ నమలడం ఆపింది. అవతల అంతమంది ఉండి కూడా చిన్న చప్పుడు లేదు.

"ఏమోనే... ఇంకా మెట్లెక్కి వస్తూనే ఉన్నారు."