పేరు అడగని గది

రంగూన్‌లో మెట్లెక్కడమంటే అందరికీ బద్ధకమే. అందుకే ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. పై చివర గంట, కింది చివర క్లిప్పు. పేపరు వాడు క్లిప్పుకి పేపరు తగిలించి తాడు లాగితే గంట మోగుతుంది, మనం పైకి లాక్కుంటాం. మింగళ తౌంగ్‌న్యున్‌లో మూడో అంతస్తులో ఉన్న మా ఇంటికీ అలాంటి తాడుంది. ఆ గంట చప్పుడంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. మూడు వారాల కిందట దాని నాలుక నేనే పీకేశాను. ఎందుకో చెబుతాను.

నా పేరు హైమ. ఈ మాట రాయడానికి కూడా ఇప్పుడు ఒక్క క్షణం ఆగాల్సి వస్తోంది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో సైన్యం దేశాన్ని చేతుల్లోకి తీసుకుంది. మెడికల్ యూనివర్సిటీలు మూతబడ్డాయి. డాక్టర్లు సమ్మెకి దిగారు. కొందరు జైల్లో ఉన్నారు, కొందరు ఎక్కడున్నారో వాళ్ళ ఇళ్ళవాళ్ళకే తెలీదు. నాకు పంతొమ్మిదేళ్ళు. డాక్టర్నవుతానని ఏడో క్లాసునుంచీ ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేసినదాన్ని. ఇక్కడ కాకపోతే ఇంకోచోట అని మొండికేసి, బయటి దేశంలో ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టాను. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్క షరతు దగ్గర చిక్కుకుపోయాను. ఎవరైనా డాక్టరు పక్కన యాభై గంటలు నిలబడి, వైద్యం ఎలా చేస్తారో చూసినట్టు సంతకం తేవాలి. షాడోయింగ్ అంటారట. ముట్టుకోకూడదు, సలహాలివ్వకూడదు. చూడాలంతే.

మామూలు రోజుల్లో ఇదేమంత పని! ఈ రోజుల్లో మాత్రం డాక్టరు ఎక్కడున్నాడని అడగడమే అనుమానం. పెద్దాసుపత్రి గేటు దగ్గర తుపాకులున్నాయి. మా వీధి క్లినిక్‌కి తాళం. లత అనే పేటలో ఒక డాక్టరమ్మ తలుపు సందులోంచి నన్ను ఎగాదిగా చూసి, "నిన్నెవరు పంపారు?" అని, నేను నోరు తెరిచేలోపే తలుపేసేసింది. నన్ను దలన్ అనుకుంది. సైన్యానికి కబుర్లు మోసేవాళ్ళని ఇక్కడ అలా అంటారు. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా.

మా నాన్న రాంబాబు లిఫ్టులూ జనరేటర్లూ బాగు చేస్తాడు. నా ఏడుపు చూడలేకపోయాడు.

"ఊరుకోయే. నీలకంఠం గారని మనోల్లే, ముసలి డాక్టరు, లతలో ఉన్నారు. ఆల జనరేటరు నేనే బాగు చేసినాను. అడిగి సూస్తాను. కానీ ఎవుల్తోనూ అనకు. మీయమ్మతో కూడా."

"నాతో ఏటి అనకూడదు?" అని వంటింట్లోంచి అమ్మ గొంతు. మా ఇంట్లో రహస్యాలు అలా ఉంటాయి.

నీలకంఠం గారి క్లినిక్ ఒక కళ్ళద్దాల కొట్టు పైన, నాలుగో అంతస్తులో. బోర్డు లేదు. కింద తాడు రెండుసార్లు లాగితే పేషెంటు వచ్చినట్టు. లోపల ఒక బల్ల, ఒక మంచం, డెట్టాల్ వాసన. మొదటిరోజే ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు.

"అమ్మాయ్, ఇక్కడ రూలు ఒకటే. ఎవరి పేరూ అడక్కూడదు. చెప్పబోయినా విననక్కర్లేదు. మనకి తెలీని పేరు మనల్ని ఎంత కొట్టినా రాదు కదా."

నా పుస్తకంలో పేషెంట్లకి నంబర్లే. ఆయన నన్ను అమ్మాయ్ అనేవారు. నర్సు డో ఖిన్ న్యో (డో అంటే గారు; ఆ పేరు కూడా నాన్న చెబితేనే తెలిసింది), అరవయ్యేళ్ళ బర్మా ఆవిడ, నన్ను తమీ అని పిలిచేది. అంటే కూతురా అని. నా పేరు ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. సంతకం మాత్రం యాభై గంటలూ నిండాకే పెడతానన్నారు డాక్టరు గారు. అప్పటిదాకా తన పేరు కూడా నా పుస్తకంలో ఉండకూడదట.

ఆరు వారాలు వెళ్ళాను. స్టెతస్కోపుని అరచేతిలో వేడి చేసి గుండెకి ఆనించడం, నొప్పి లేనివైపునుంచి పొట్ట నొక్కుతూ రావడం, అబద్ధం చెప్పే పేషెంటుని తిట్టకుండా నిజం చెప్పించడం... అన్నీ గోడకి ఆనుకుని చూశాను. ఆ గదిలో నాకు భయం వేసేది కాదు. అంత సంతోషంగా నేను ఎక్కడా లేను. నలభై ఎనిమిది గంటలు నిండాయి. మిగిలింది రెండే.

ఆ చివరి సాయంత్రం అయిదింటికి వెళ్ళాను. ఎనిమిదికి కర్ఫ్యూ కాబట్టి ఏడింటికి బయల్దేరాలి. కరెంటు లేదు. కింద ఎక్కడో టైర్లు కాలుతున్న వాసన పైదాకా వస్తోంది. వీధిలో కుక్కలు కూడా అరవడం లేదు. ఆరున్నరకి గంట రెండుసార్లు మోగింది.

ఇద్దరు మగవాళ్ళు ఒక ఆడమనిషిని మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. సైన్యం రాకుండా వీధికి అడ్డంగా కట్టిన గోడ దగ్గర కుర్రాళ్ళకి అన్నం పొట్లాలు పంచుతోందట. ఎవరో తెలీదన్నారు. వెనక మెట్ల దగ్గర ఉంటామని వెళ్ళిపోయారు. ఆమెకి నలభయ్యేళ్ళుంటాయి. పొట్టలో తూటా. బుగ్గలకి తనకా రాసుకుంది, మా ఊళ్ళో ఆడవాళ్ళందరం రాసుకునే ఆ పచ్చటి చెక్కగంధమే. మోసినవాడి చొక్కాకి రుద్దుకుని ఒక బుగ్గది పూర్తిగా చెరిగిపోయింది. రెండో బుగ్గ మీద గుండ్రంగా, చక్కగా, పొద్దున్న రాసుకున్నట్టే ఉంది.

"టార్చి పట్టుకో" అన్నారు డాక్టరు గారు. నన్ను మంచం దగ్గరికి రానివ్వడం అదే మొదలు.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"నా పేరు..." అంది బర్మాలో. "నా పేరు చెబుతా... గుర్తుపెట్టుకో..."

"వద్దు ఆంటీ. పేరు వద్దు."

"ఒక్కసారి... విను..."

నేను మొహం తిప్పుకున్నాను. రూలు కోసం అని చెప్పుకోవచ్చు. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది సంతకమే. చివరి రోజున రూలు తప్పితే ఆయన పెట్టరేమోనని. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. మొహం తిప్పుకోవడంలో టార్చి పక్కకి పోయింది.

"హైమా! వెలుతురు!" అని అరిచారు డాక్టరు గారు.

ఆరు వారాల్లో ఆ గదిలో ఎవరి పేరైనా వినపడటం అదే మొదటిసారి. ఆమె కళ్ళు ఆయన మీంచి నా మీదికి వచ్చాయి. పెదవులు కదిలాయి. ఆ పేరునే, నోట్లో ఏదో రుచి చూస్తున్నట్టు, మెల్లిగా అనుకుంది.

"హై... మా..."

అంతే. చెయ్యి వదిలేసింది.

డాక్టరు గారు ఆమె కళ్ళు మూశారు. తర్వాత నా పుస్తకం లాక్కుని, సంతకం పెట్టి, స్టాంపు కొట్టారు. "పట్టుకుపో. మళ్ళీ ఇటు రాకు, అమ్మాయ్" అన్నారు. యాభై గంటలు నిండాయి. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఆ మగవాళ్ళిద్దరూ వెనక మెట్లనుంచి మళ్ళీ వచ్చారు. ఇక్కడివాళ్ళకి ఒక ఆచారం ఉంది. ఇంటికి దూరంగా పోయినవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు పేరు పెట్టి పిలిచి, రా పోదాం అని చెప్పాలి. చెప్పకపోతే ప్రాణం అక్కడే ఉండిపోతుందని భయం. డో ఖిన్ న్యో గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడింది. పాపం, ఆ సాయంత్రం ఆ గదిలో ఆవిడ విన్న పేరు ఒక్కటే. అది ఆ మనిషిదే అనుకుంది.

"మ హైమా... లేమ్మా. ఇంటికి పోదాం రా."

ఆడవాళ్ళ పేరు ముందు ఇక్కడ మ అని చేరుస్తారు. కాదు, అది నా పేరు అని చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే కింద వీధిలో బూట్ల చప్పుడు. డాక్టరు గారు పెదవుల మీద వేలు పెట్టారు.

"మ హైమా... ఇక్కడ ఉండిపోకు. రా." ఆవిడ ఈసారి గుసగుసగా పిలిచింది.

బూట్లు కింద వీధి తలుపు దగ్గరికి వచ్చి ఆగాయి...

"మ హైమా..."

"ఆఁ" అని ఎవరో పలికారు.

నా చెవి పక్కనే. మెల్లిగా. నా గొంతే... కానీ నేను పలకలేదు. పళ్ళు బిగపట్టుకుని ఉన్నాను. డో ఖిన్ న్యో తృప్తిగా తలూపి, శవంతో పాటే వెనక మెట్లు దిగిపోయింది. బూట్లు ముందుకి సాగిపోయాయి.

ఎనిమిది కొట్టేసరికి ఇంట్లో ఉన్నాను. ఊరంతా గిన్నెలూ మూతలూ వాయిస్తున్నారు. చెడుని తరిమెయ్యడానికి రోజూ ఎనిమిదింటికి అలా వాయిస్తారు. అమ్మ కూడా ఇడ్లీగిన్నె మూత పట్టుకుని బాల్కనీలో దంచేస్తోంది. ఆ రొదలో ఒకసారి మా తాడు గంట మోగినట్టనిపించింది. రెండుసార్లు. వంగి చూశాను. తాడు ఊగుతోంది. కింద ఎవరూ లేరు.

తెల్లారి అమ్మ పిలిచింది. "హైమా, కంచాలెట్టవే."

"ఒస్తన్నానమ్మా."

నేను పడగ్గదిలో జడ వేసుకుంటున్నాను, క్లిప్పు నోట్లో ఉంది. ఆ జవాబు బాల్కనీవైపునుంచి వచ్చింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను నోరు తెరిచేలోపే నా జవాబు అయిపోయేది. అమ్మకి తేడా తెలియలేదు. కన్నతల్లికే తెలియలేదు! పైగా, "ఈమధ్య మా అమ్మి ఒక్కపిలుపుకే పలుకుతంది" అని పక్కింటి సూర్యావతి పిన్నితో మురిసిపోయింది. నేను గంట నాలుక పీకేశాను. అయినా సాయంత్రాలు తాడు ఊగుతూనే ఉంది.

డో ఖిన్ న్యో కాళ్ళు పట్టుకుని, ఆ పిలుపు వెనక్కి తీసుకోమని అడుగుదామని లత వెళ్ళాను. క్లినిక్ తలుపు విరిగి ఉంది. మంచం లేదు. కళ్ళద్దాల కొట్టాయన నావైపు చూడకుండానే, "తీసుకుపోయారు. ఇద్దర్నీ" అన్నాడు. నా పుస్తకంలో ఆయన పేరూ స్టాంపూ ఉన్నాయి. ఇంటికొచ్చి పుస్తకాన్ని బియ్యం డబ్బాలో అడుక్కి తోసి, చేతులు బియ్యంలోనే ఉంచుకుని కూలబడిపోయాను.

అంతకుముందే పంపిన సంతకం ఫోటో చూసి కాలేజీవాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ అన్నారు. సాయంత్రం ఏడున్నరకి. ఆరోజు పొద్దున్నుంచీ కరెంటు లేక ఫోను చచ్చి పడుంది. చీకటి పడకముందే సైనికులు మా సందులోకి వచ్చారు. రోజూ గిన్నెలు వాయించే కిటికీల మీద కాల్చారు. అమ్మా నాన్నా నేనూ గంటన్నరసేపు మంచం కింద బోర్లా పడుకున్నాం. ఫోను వంటింటి గట్టు మీద ఉండిపోయింది. ఏడున్నర అయిపోయింది. నా చదువు కూడా అయిపోయిందనుకున్నాను. నాన్న నా తల నిమిరి, "పోన్లేయే... పేనాలున్నాయి" అన్నాడు. ఆ మాటకి ఇంకా ఏడుపొచ్చింది.

ఆ రాత్రే తెగిపోయిన ఇంటర్నెట్ తొమ్మిది రోజులకి వచ్చింది. క్షమించమని రాద్దామని మెయిల్ తెరిచాను. అప్పటికే వాళ్ళ ఉత్తరం ఉంది.

ఫోనులో నేను చాలా స్పష్టంగా మాట్లాడానట. ఇరవై నిమిషాలు. డాక్టరు ఎందుకవుదామనుకుంటున్నావని అడిగితే నేనిచ్చిన జవాబుని వాళ్ళు మరచిపోలేమన్నారు, దాన్ని ఉత్తరంలో రాశారు కూడా. "ఒక గదిలో ఒక మనిషి చచ్చిపోతూ తన పేరు చెప్పబోయింది. వినేవాళ్ళు లేకపోయారు. నేను డాక్టర్నయితే ముందు పేరే అడుగుతాను."

సీటు ఇచ్చారు. చివర ఒక చిన్న సవరణ అడిగారు. దరఖాస్తులో తల్లి పేరు రాధాకుమారి అని ఉంది. ఫోనులో మాత్రం తల్లి డో ఎ తాన్, ఇల్లు మింగళాడోన్ అని మీరు చెప్పారు. ఏది సరైనదో వారంలోగా తెలపండి.

ఇది వచ్చి ఆరు రోజులైంది. మా నాన్న సంతోషానికి పట్టపగ్గాల్లేవు, సందంతా చెప్పుకుంటున్నాడు. నేను మాత్రం రోజూ ఊరి చివర మింగళాడోన్ పేటకి పోయే బస్సు దాకా వెళ్ళి ఎక్కకుండా వచ్చేస్తున్నాను. అక్కడ ఎక్కడో ఒక ముసలావిడ కూతురి కోసం చూస్తూ ఉంటుంది. వెళ్ళి ఏమని చెప్పను? నీ కూతురు పోయిందంటే, ఏ కూతురు, పేరేమిటి అని అడుగుతుంది. ఆ పేరు చెప్పబోతే నేనే వద్దన్నాను.

ఇందాక ఉత్తరం ముందేసుకుని కూర్చున్నాను. రెండు పేర్లలో ఏది రాయాలో తేలడం లేదు. వంటింట్లోంచి అమ్మ పిలిచింది.

"హైమా! అన్నం సల్లారిపోతంది, రావే."

నేను పలకలేదు. ఇప్పుడు నేను ముందుగా పలకడం మానేశాను. ఒస్తన్నానమ్మా అని రోజూ వినపడే ఆ గొంతు కోసం చెవులు రిక్కించాను. ఇవాళ రాలేదు. అమ్మయ్య అనుకున్నాను...

పీట జరిపిన చప్పుడైంది. కంచంలో గరిటె తగిలిన చప్పుడైంది. నాన్న ఇంట్లో లేడు.

అమ్మ ఎవరితోనో నవ్వుతూ అంటోంది.

"ఏటే, తనకా ఒక బుగ్గకే రాసుకున్నావు?"