సైకిళ్ళ నడుమ పైడి

రెండు నిమిషాలు! ఒక పసిదాని బతుకు తేల్చి పారెయ్యడానికి మీకు పట్టింది రెండే రెండు నిమిషాలు! డాక్టరుబాబూ, నిన్నే అడుగుతున్నాను! ఆరేళ్ళ పైడితల్లిని బల్ల మీద కూర్చోబెట్టి "తేరా నామ్ క్యా హై?" అని హిందీలో పేరడిగావు. పిల్ల పలకలేదు. మళ్ళీ అడిగావు. పిల్ల నీ కలం వంక చూస్తూ చొంగ కార్చింది. అంతే! "జడబుద్ధి, నేర్పినా ఏమీ రాదు, ఆశ్రమంలో చేర్పించండి" అని చీటీ రాసి, తర్వాతివాళ్ళని పిలిచావు. ఆ చీటీ చూసి తలుపు మూసిన బడివాళ్ళూ, దాన్ని కళ్ళకద్దుకున్న ఇంటివాళ్ళూ, ఇంత ఊళ్ళో ఇలాంటి పిల్లలకు ఒక్క గది చూపించని పెద్దలూ... మీలో ఒక్కరైనా ఆ తల్లి ముఖం చూశారా?

ఆ తల్లి సూరమ్మ. 1963 మార్చిలో ఒక ఆదివారం పొద్దున్న, బీహారులోని ఉక్కు కార్ఖానా ఊళ్ళో, గోల్‌మురి క్వార్టర్లో గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పైడి. పక్కన చిన్న రేకు పెట్టె. అందులో రెండు గౌన్లు, ఒక దుప్పటి, పిల్ల ఎప్పుడూ చేత పట్టుకు తిరిగే సొట్టగ్లాసు. రెండు గంటల బండికి పైడి రాంచీ వెళ్ళాలి. అక్కణ్ణించి ఎక్కడో అడవి వైపు ఏదో ఆశ్రమం... తీసుకెళ్ళేది ఎవరో కాదు, కన్నతండ్రి ఆదిబాబే!

నాలుగు రోజుల కిందట సూరమ్మ కుళాయి దగ్గర ఉండగా పైడి ఇంట్లోంచి జారుకుంది. షిఫ్టు వదిలే వేళ! కార్ఖానా గేటులోంచి వందల సైకిళ్ళు బిలబిలా వచ్చి పడుతున్నాయి. వాటి నడుమకు పోయి నిలబడింది పిల్ల! ఏడవలేదు, పారిపోలేదు. ఒక చెయ్యి పక్కకు బారుగా చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి, బొమ్మలా నిలబడిపోయింది! సైకిళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకాయన మోకాలు చీరుకుపోయింది. "అరే, యే కిస్‌కీ పగ్లీ హై?" అని జనం నవ్వుతుంటే, ఆ పిచ్చిది నా కూతురేనని ముందుకొచ్చి చెప్పుకోవలసి వచ్చింది ఆదిబాబుకి. ఆ నవ్వు అతనికి తిండి సయించనివ్వలేదు. డాక్టరు చీటీ బయటికి తీసి, ఆశ్రమానికే పంపేద్దామన్నాడు.

అతను చెడ్డవాడేం కాదు. ఆ కార్ఖానాలోనే మిల్లులో కళాసీ. పైన క్రేను నడిపేవాడికి కింద నిలబడి చేతులతో సైగలు చేయడం అతని పని. పన్నెండేళ్ళ మోతకు చెవులు సగం పోయాయి. ఇంట్లో కూడా మాట తక్కువ, చేతులు ఎక్కువ. సూరమ్మకు అది అలవాటై, అవి సైగలన్న సంగతే మరిచిపోయింది.

"ఒలే సూరమ్మా! ఎంతసేపు అలగ కూకుంటావే? బండి నీ కోసం ఆగుద్దేటి?" లోపల్నించి అత్త నూకాలమ్మ కేక.

"ఆగకపోతే పోనీ అత్తా. నా గుంటని నానంపను."

"అంపకేటి సేత్తావు? రేపు లారీ కింద పడితే ఏటి సేత్తావు? నాకు మాత్రం మనవరాలు కాదేటే? నా కాళ్ళల్లో సత్తువుంటే దీని ఎనకాల నానే పరిగెత్తనా!" అంటూనే ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడే గుమ్మం ముందు రిక్షా ఆగింది. దిగింది రూత్. ఆసుపత్రిలో నర్సు, ఊళ్ళోనే కద్మా పేటలో ఉంటుంది. పైడికి టీకా వేసిన రోజునించీ ఆ పిల్లంటే ఆమెకు ప్రాణం.

"ఆదోరం పూట సర్చి మానేసి వచ్చినావేటి సిస్టరమ్మా?" అంది నూకాలమ్మ.

"ప్రభువు ఏమీ అనుకోడులే అత్తా! సూరమ్మా, లే! కలకత్తా నుంచి లాహిరి డాక్టరమ్మ వచ్చింది. ఇలాటి పిల్లల్ని చూడ్డమే ఆవిడ పని. మా చర్చి సంఘం హాల్లో నెలకొక్క రోజు కూర్చుంటాది. మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోద్ది, లే!"

"మళ్ళీ ఇంకో డాక్టరా? బస్! అయిపోనాది," అన్నాడు ఆదిబాబు, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

సూరమ్మ లేచి నిలబడింది. ఏడేళ్ళ కాపురంలో మొగుడి ముందు గొంతెత్తని మనిషి! "ఒక డాక్టరు మాట ఇన్నావు మావా. ఇంకో డాక్టరు మాట కూడా ఇను. ఆవిడా అదే అంటే... ఈ పెట్టి నానే నెత్తినెట్టుకుని టేసనుకొత్తాను. నీ మీదొట్టు!"

అటునించి అటే స్టేషనుకని రేకు పెట్టె కూడా తీసుకుని, నూకాలమ్మతో సహా అందరూ రూత్ వెంట వెళ్ళారు. హాలు నిండా పిల్లలు. మెడ నిలవని పిల్లలు, కాళ్ళు కొంకర్లు పోయిన పిల్లలు, గోడకేసి తల కొట్టుకునే పిల్లలు. బెంగాలీ తల్లి, బీహారీ తల్లి, ఒడియా తల్లి, సంతాలీ తల్లి... అమ్మో, ఇంతమందా! తన ఒక్కదానికే ఈ శాపమని ఆరేళ్ళుగా కుమిలిపోయింది సూరమ్మ! ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఏ తలుపుల వెనక దాక్కున్నారు?

లాహిరి డాక్టరమ్మ చాప మీద పైడి ఎదురుగా చతికిలబడింది. పేరు అడగలేదు. కాన్పు సంగతి అడిగింది. రూత్ తెలుగు చేసింది. రెండు రోజుల నొప్పులనీ, పిల్ల నీలంగా పుట్టిందనీ, చాలాసేపు ఏడవలేదనీ చెప్పింది సూరమ్మ. "ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలి ఉంటుంది. ఇందులో నీ తప్పేమీ లేదమ్మా," అంది డాక్టరమ్మ. నీ తప్పేమీ లేదు... ఆ ఒక్క మాట కోసం ఆరేళ్ళు! సూరమ్మ గుండె కట్ట తెగిపోయింది. కోడలి పాపమే ఇలా పుట్టిందని వీధంతా చాటిన నూకాలమ్మ తల దించుకుంది.

కానీ పైడి...? చెక్కముక్క చేతికిచ్చి "గ్లాసులో వెయ్యి" అంటే వెయ్యలేదు. "అమ్మకియ్యి" అంటే ఇవ్వలేదు. అరగంట గడిచింది. డాక్టరమ్మ ఏదో రాస్తూనే ఉంది. సూరమ్మ ఆ కలం వంకే చూస్తోంది. ఆ చీటీయే నిజమా తల్లీ...?

గుమ్మంలో ఆదిబాబు గడియారం చూశాడు. ఆ గోలలో పిలిస్తే వినపడదని చెయ్యెత్తి, వేలు పైకి పెట్టి, మిల్లులో 'లేపు' అన్నట్టే గుండ్రంగా తిప్పాడు. పిల్లని లేపు, పోదాం అని. సూరమ్మ చూడలేదు.

పైడి చూసింది! చేతిలో చెక్కముక్కను మెల్లగా పైకెత్తింది.

డాక్టరమ్మ కలం ఆగింది. "ఆయన్ని మళ్ళీ ఏదైనా చెయ్యమనండి!" ఆదిబాబుకు ఏమీ అర్థం కాలేదు. వేలు కిందికి తిప్పాడు. చెక్కముక్క కిందికి దిగింది. చెయ్యి పక్కకు బారుగా చాచాడు. మిల్లులో 'ఆపు' అనే సైగ. చెక్కముక్క గాలిలో ఆగిపోయింది. అంతటితో ఊరుకోలేదు పిల్ల! తన రెండో చెయ్యి బారుగా చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి, నాన్న వంక చూసి నవ్వింది!

ఆదిబాబు గోడకు జారబడిపోయాడు. సైకిళ్ళు... ఆ రోడ్డు... ఆ చెయ్యి!

"ఓలమ్మో! పిచ్చిది కాదే సూరమ్మా! మీదికొచ్చే సైకిళ్ళని ఆపిందే! నా డ్యూటీ సేసిందే నా తల్లి! రోజంతా సైగలతో బతికే ఎదవని, కన్నబిడ్డ సైగ నాకు తెలవలేదే...!" మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి కూతురి పాదాలు పట్టుకుని బావురుమన్నాడు. పైడి అతని జుట్టు పీకింది.

డాక్టరమ్మ తియ్యటి మాటలేమీ చెప్పలేదు. "బుద్ధి నెమ్మది. నెమ్మదిగానే ఉంటుంది. మాట వస్తుందో రాదో చెప్పలేను. దీనికి మందు లేదు. కానీ నేర్పినా రాదన్నది అబద్ధం! ఎవరూ నేర్పకుండానే ఇంత నేర్చుకుంది. రోజూ నేర్పాలి. సైగా మాటా కలిపి, రోజూ."

"ఎవరు నేర్పుతారమ్మా?" అంది సూరమ్మ.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "నేను నెలకొక్క రోజు. ఇవాళ వచ్చినవాళ్ళు ముప్ఫైయేడుగురు. మిగతా రోజులు ఈ ఊళ్ళో ఎవరూ లేరు."

పన్నెండయింది. సంఘం కార్యదర్శి శాంతకుమార్ తాళం పట్టుకుని వచ్చాడు. "అమ్మా, బయటికి పదండి, హాలు మూసెయ్యాలి. మళ్ళీ వచ్చే నెల రండి."

తల్లులు లేచారు. అలవాటే కదా! వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోవడం... సూరమ్మ మాత్రం గుమ్మంలోకి నడిచింది. అతని తాళానికి అడ్డంగా చెయ్యి బారుగా చాచింది, అరచెయ్యి నేలవైపు పెట్టి. ఆ పక్కనే ఆదిబాబు చెయ్యి. అతని భుజానెక్కిన పైడి చెయ్యి కూడా అలాగే చాచి ఉంది.

"ఇదేటమ్మా?" అన్నాడు శాంతకుమార్.

"ఆగమని సెప్తంది బాబూ, నీకు తెలవదేటి? మా గుంటకి తెలుసు!" అంది నూకాలమ్మ. రేకు పెట్టె తెరిచి, సొట్టగ్లాసు తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

"నెలకో రోజు కాదు బాబూ!" సూరమ్మ గొంతు హాలంతా వినపడింది. "వారమంతా ఈ హాలు కాళీయే కదా? రోజూ తెరవాల! ఓ టీచరమ్మని పెట్టాల! డాక్టరమ్మ దగ్గర ఆవిడ పని నేర్చుకోవాల! టీచరమ్మ దొరికేదాకా మా మావ సైగలు సెప్తాడు, సిస్టరమ్మ మాటలు సెప్తాది, నాను నేల తుడుత్తాను! మీ సంఘం పెద్దల్ని పిలు, కార్ఖానా పెద్దల్ని పిలు, ఆ చీటీ రాసిన డాక్టర్ని కూడా పిలు! రేపు సోమారం. పొద్దున్న ఎనిమిదింటికి ముప్ఫైయేడుగురు పిల్లల్నీ ఎత్తుకుని వత్తాం. తాళంచెవి అట్టుకుని నువ్వు ముందొచ్చి నిలబడాల!"