గంజిపెట్టిన తెల్లచీర

నెలకోసారి ప్రభు భోజనపు ఆదివారం వచ్చిందంటే విడవలూరులో ఆ వీధి ఆడవాళ్లంతా తెల్లచీరల్లో గుడికి బయల్దేరతారు. అబిగయీలు మాత్రం ఆ ఉదయం కూడా ముదురు మెరూన్ చీరే కట్టుకుంది. పద్దెనిమిదేళ్లుగా అంతే. కాయిర్‌లో నిలబడి పాడాలన్న ఆశ మాత్రం ఒక్క పూటా చావలేదు. వెనక బెంచీలో కూర్చుని గొంతులోనే పాడుకునేది, పిచ్చితల్లి.

"ఈరోజన్నా తెల్లకోక కట్టగూడదా? ఏం పొగరు నీకు!" అంది అత్త రెబెక్కమ్మ. కాయిర్‌కి పెద్ద ఆమే. తెల్లచీర లేనివాళ్లు పాడకూడదన్న నియమమూ ఆమెదే.

అబిగయీలు కూతురు రెజీనాకు ఒళ్లు మండింది. "పొగరు కాదవ్వా, జబ్బు! పోయిన నెల పన్ను పీకిస్తే రెండు దినాలు నాకు రక్తం ఆగలేదు గదా. నెల్లూరు డాక్టరమ్మ అమ్మకు గూడా పరీక్ష చేసింది. రక్తం గడ్డకట్టించే ప్రొటీను ఇద్దరికీ తక్కువంట. అమ్మ నుంచే నాకొచ్చింది."

"దానికీ కోకకీ ఏంది సంబంధం?"

అబిగయీలు ఇక దాచలేకపోయింది. "నెలకు పది దినాలు నాకు ఆగదత్తా. ఈ రెజీనా చంటిబిడ్డప్పుడు, కాయిర్‌లో నిలబడి ఉండగానే తెల్లకోకంతా పాడైంది. కొంగు చుట్టుకోని ఇంటికి పరిగెత్తినాను. పాట మధ్యలో పోయినానని నువ్వు వారం దినాలు మాట్లాడలేదు. నాకు పాడాలని లేదనుకున్నావా?"

ఆ ఆదివారం రెబెక్కమ్మ పాడలేదు.

మర్నాడు ఎవరూ పిలవకుండానే నెల్లూరు ఆస్పత్రికి కోడలి వెంట వచ్చింది. అబిగయీలుకు ముందు రక్తం తీశారు, ఇంజెక్షన్ ఇచ్చారు, గంట తర్వాత మళ్లీ రక్తం తీశారు.

"ఆ ప్రొటీను కొంత రక్తనాళాల గోడల్లో దాగి ఉంటుందమ్మా," అంది డాక్టరమ్మ. "ఈ డెస్మోప్రెసిన్ దాన్ని రక్తంలోకి రప్పిస్తుంది. అందరికీ పనిచేయదు, అందుకే ముందు ఒక డోసు ఇచ్చి చూస్తాం. ఈ మందు ఒంట్లో నీరు నిలిపేస్తుంది, రేపటిదాకా నీళ్లు మాత్రం తక్కువ తాగాలి."

ఎండలో ఇల్లు చేరగానే రెబెక్కమ్మ అలవాటుగా చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. అంతలో గుర్తొచ్చి, కోడలి చేతిలోంచి లాక్కుని అర గ్లాసు పోసిచ్చింది. అబిగయీలుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ముప్పై శాతం ఉన్న ప్రొటీను గంటలో తొంభైకి చేరిందట. ఆ వార్త విన్నాక, నెలసరిలో వాడమని ఇచ్చిన ముక్కు స్ప్రేను అబిగయీలు బైబిలు పక్కనే పెట్టుకుంది.

మళ్లీ ప్రభు భోజనపు ఆదివారం సరిగ్గా ఆమె నెలసరి రోజుల్లోనే వచ్చింది. స్ప్రే వాడి రెండు రోజులైంది, రక్తస్రావం బాగా తగ్గింది. అయినా చెయ్యి మెరూన్ చీర మీదికే పోతోంది. వాకిట్లో దండెం మీద నీలిమందు వేసి గంజిపెట్టిన తెల్లచీర ఆరుతోంది. అది అత్తది.

"నాకు భయంగా ఉందత్తా. ఒకవేళ..."

"ఒకవేళ అయితే కానీలే. ముందు నిలబడేది నేనెప్పుడూ. ఈ పొద్దు నీ వెనకాల నిలబడతా. నన్ను దాటి ఎవురు చూస్తారో చూద్దాం. కట్టుకో తల్లీ."

గుడిలో మొదటి చరణానికి అబిగయీలు గొంతు వణికింది. రెండో చరణానికి అత్త చెయ్యి వీపు మీద ఆనింది. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆమె గొంతెత్తి పాడింది.