పన్నెండింటి లోపు ఊపిరి

క్లీనర్ యూనిఫాంలో ఉన్న ఏజెంట్ హోటల్ గది తలుపు తోసేసరికి మేడమ్ కార్పెట్ మీద గిలగిల కొట్టుకుంటోంది.

మేడమ్ డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాలో ఉంటూ, రెండేళ్లుగా వాళ్ల గుట్టంతా ఇతనికి చేరవేస్తోంది. ఆ సంగతి ముఠాకి ఈ ఉదయమే తెలిసిపోయింది. ఆమె పట్టు కోటు ఎడమ భుజం దగ్గర తడిసి ముద్దయింది. ఒళ్లంతా చెమట. నోట్లోంచి చొంగ, వాంతి.

"నికోటిన్... తమ్ముడూ," అంది. "చిక్కటిది. సీసాడూ ఒంపేశారు."

"మంత్రిగారికి ఈ విషం ఎక్కడ పెట్టారు?"

పెదాలు కదిలాయి. మాట రాలేదు.

టైము పదకొండూ నలభై. పన్నెండింటికి ఎదుటి భవనంలో మంత్రిగారు ఒప్పందం మీద సంతకం పెట్టాలి.

ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు. "ముందు కబురు రాబట్టు. ఆమె సంగతి తర్వాత."

"ఆవిడ పోతే కబురూ పోతుంది సార్! డాక్టరమ్మకి లైనివ్వండి!"

డాక్టరమ్మ గొంతు నిదానంగా వినిపించింది. "గ్లవ్స్ ఉన్నాయా? వేసుకో. తడి తగిలిన బట్టలన్నీ కత్తిరించి తీసెయ్. సబ్బు పెట్టి ధారాళంగా నీళ్లు పొయ్యి. వాంతి మాత్రం చేయించకు. పక్కకి తిప్పి పడుకోబెట్టు. అంబులెన్స్ వస్తోంది."

క్లీనర్ల రబ్బరు గ్లవ్స్ జేబులోనే ఉన్నాయి. కోటు కత్తిరించి పారేసి, ఆమెను షవర్ కిందికి ఈడ్చాడు. భుజం, మెడ, జుట్టు కడుగుతూనే ఉన్నాడు. కాసేపటికి వణుకు తగ్గింది. హమ్మయ్య అనుకుని ఛాతీ వైపు చూశాడు. అది కదలడం లేదు.

"డాక్టరమ్మా, ఊపిరి ఆగింది!"

"నాడి?"

"కొట్టుకుంటోంది."

"కండరాలు చచ్చుబడ్డాయి. మూతి కడిగి, ముక్కు మూసి, నీ ఊపిరి ఊదు. ఐదారు సెకన్లకొకటి. వాళ్లొచ్చేదాకా ఆపకు."

ఊదాడు. ఛాతీ లేచింది. మళ్లీ ఊదాడు. పదకొండూ యాభై నాలుగు. అతని కళ్లు బైర్లు కమ్ముతున్నాయి.

"అక్కా, పోవద్దు!"

ఆమె కనురెప్పలు సన్నగా విడ్డాయి.

"గ్లాసా?" ఊదాడు. "మైకా?" ఊదాడు. "పెన్నా?"

రెప్ప వాలి లేచింది.

"పెన్ను సార్! ముట్టుకోనివ్వకండి!"

అతను ఊదుతూనే ఉన్నాడు. పన్నెండు గంటలు కొడుతుండగా అంబులెన్స్ వాళ్లు పరిగెత్తుకొచ్చి, ఆమె గొంతులోకి గొట్టం దింపారు. అప్పుడు చీఫ్ పలికాడు.

"పెన్ను మంత్రిగారి చేతికి జానెడు దూరంలో ఉండగా మనవాడు బల్లనే తన్నేశాడు."

మూడో రోజు గొట్టం తీశాక మేడమ్ గొంతు పెగిలింది.

"నీకు సిగరెట్ అలవాటుందా?"

ఏజెంట్ తల వంచుకున్నాడు. "రోజుకి ఒకటో రెండో..."

"అనుకున్నా. వాళ్లు పోయగా మిగిలిన నికోటిన్ నువ్వు ఊది పట్టించావు."