స్టేషన్ మాస్టారి అరుగు

నేను ఒక మనిషిని వీధిలోంచి వెళ్ళగొట్టాను. అతను నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. ఆమెను నవ్వించాడు, అంతే.

ఆమె మా కళ్ళజోళ్ళ షాపు ముందు గదిలో కళ్ళు పరీక్ష చేస్తుంది. నేను వెనక గదిలో ఆమె రాసిన పవర్ ప్రకారం అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. మధ్య గోడలో చిన్న కిటికీ. చీటీ ఇటు వస్తుంది, కళ్ళజోడు అటు పోతుంది. రెండేళ్ళుగా ఆ కిటికీ దగ్గర నేను ఒక మాట చెబుదామని నోరు తెరవడం, "ఏంటి, పవర్ అర్థం కాలేదా?" అని ఆమె అడగడం, "ఆ, అదే" అని నేను నోరు మూసుకోవడం జరుగుతూనే ఉన్నాయి.

ఈలోగా ఆమె ఫోన్ చూసి నవ్వడం మొదలుపెట్టింది. లంచ్ టైములో కూడా.

"ఎవరది?" అన్నాను, ఏమీ పట్టనట్టు.

"స్టేషన్ మాస్టారు."

"ఏ స్టేషన్?"

ఫోన్ ఇటు తిప్పింది. తెర మీద చిన్న ఊరు, ఇళ్ళు, నడుస్తున్న బుల్లి మనుషులు. "నాలుగు వీధులు అని, ఆన్‌లైన్ గేమ్."

"ఇందులో ఎవర్ని కాల్చాలి?"

"ఎవర్నీ కాల్చక్కర్లేదు బాబూ. గెలవడం కూడా ఉండదు. ఒక ఇల్లిస్తారు. ఒక ఉద్యోగం చూసుకుని రోజూ కాసేపు చెయ్యాలి. నేను లైబ్రరీ నడుపుతా. అందరూ నిజం మనుషులే, కానీ ఎవరు ఎవరో తెలీదు."

"పగలంతా ఉద్యోగం చేసి సాయంత్రం మళ్ళీ ఉద్యోగమా? ఏముంది అందులో?"

"ఒక్క రోజు లైబ్రరీ తెరవకపోతే మర్నాడు ఏడుగురు అడుగుతారు, ఒంట్లో బావుందా అని. మొన్న ఇక్కడ మూడు రోజులు సెలవు పెట్టాను. నువ్వు అడిగావా?"

నాలుగుసార్లు మెసేజ్ టైప్ చేసి నాలుగుసార్లూ చెరిపేశాను. ఆ సంగతి చెప్పినా బావుండేది. "మరి ఈ మాస్టారు?" అన్నాను.

"మా పక్కిల్లు. రోజూ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. ఆ కబుర్లు లేకపోతే నాకు రోజు గడిచినట్టే ఉండదు."

ఆ మధ్యాహ్నం మూడు అద్దాలు పాడుచేశాను. కుడి కన్ను పవర్ ఎడమకి పెట్టాను. నా కడుపుమంటతో షాపులో స్టవ్ అక్కర్లేకుండా టీ కాచుకోవచ్చు.

సాయంత్రం షాపు మూసీ మూయగానే నేనూ నాలుగు వీధుల్లో చేరాను. బస్సు డ్రైవర్ ఉద్యోగం ఒక్కటే ఖాళీగా ఉంది. స్టాపుకి సరిగ్గా టైముకి రావాలి గనక ఎవరూ నిలవరట. రెండో వీధిలో ఆమె ఇంటి ముందు ఒక స్టాపు ఉందని చూసి కళ్ళు మూసుకుని ఒప్పుకున్నాను. పేరు కూడా పెట్టుకోలేదు. డ్రైవర్, అంతే.

నిజం చెప్పాలి. నాలుగు రోజులకే ఆ బస్సు నాకు నచ్చేసింది. షాపులో నేను చేసిన కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు నా ముఖం ఎరగరు. ఇక్కడ బస్సు దిగే ప్రతివాడూ "వస్తాను డ్రైవర్ గారూ" అని దిగుతాడు. బేకరీ అతను నాకోసం రోజూ ఒక బన్ను సీటు మీద పెట్టి వెళ్ళేవాడు. అది బొమ్మ బన్నే. అయినా దానికోసం ఎదురుచూసేవాణ్ణి.

కానీ రెండో వీధి రాగానే ఆ సంతోషమంతా ఆవిరయ్యేది. అరుగు మీద ఇద్దరూ కనిపించేవాళ్ళు. ఆ గేమ్‌లో ఎవరేం మాట్లాడినా వాళ్ళ తల మీద అక్షరాలు తేలతాయి, దగ్గరికి వెళితే చదవచ్చు. స్టాపులో బస్సు ఆగేది అరనిమిషం. ఆ అరనిమిషంలో ఒకరోజు ఆమె తల మీద చదివాను: "మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను మాస్టారూ."

నాకు చెప్పుకోలేనిది వీడికేం చెబుతోంది? అసలు వీడెవడు? మాటల పుట్ట. అరనిమిషంలో మూడు జోకులు వేస్తాడు. నాకు రెండేళ్ళలో ఒక్క మాట పెగల్లేదు.

మర్నాటి నుంచి మూడు రోజులు వరసగా, మలుపు తిప్పుతూ కావాలనే బస్సుని ఆ అరుగుకి రాసుకుపోనిచ్చాను. ఆదివారం ఊరి సభలో అర్జీ పెట్టాను: స్టేషన్ మాస్టారి అరుగు బస్సుకి అడ్డం. అక్కడి చట్టం ప్రకారం దారికి అడ్డమైన ఇంటిని ఊరి చివరికి మార్చేస్తారు. టైముకి వచ్చే డ్రైవర్ మాట కదా, నా ప్రయాణికులంతా నాకే ఓటేశారు. మాస్టారు ఒకే ముక్క అన్నాడు: "బస్సుకి దారి కావాలంటే తప్పేముందండీ." ఇల్లు నాలుగో వీధి చివరికి పోయింది. ఆ సాయంత్రం నేను ఈల వేసుకుంటూ బస్సు నడిపాను.

సోమవారం ఆమె ఉబ్బిన కళ్ళతో వచ్చింది. ఒక ముసలాయన చార్టులో తప్పు చదువుతుంటే "కరెక్టే" అంటోంది.

"ఏమైంది?" అని కిటికీలోంచి అడిగాను.

"ఎవడో డ్రైవర్, మా మాస్టారి ఇల్లు తీయించేశాడు."

"పోనీలే, గేమే కదా."

"ఆయన మా నాన్న."

నా చేతిలో లెన్సు జారి కిందపడింది.

"నాన్న లిఫ్టు మెకానిక్. పగలంతా ఒక్కడే పని. ఇంటికొచ్చాక రోజుకి నాలుగు మాటలు: తిన్నావా, తాళం, లైటు, జాగ్రత్త. మా ఇద్దరి మధ్యా మాటలన్నీ అమ్మే మోసేది. అమ్మ పోయాక అవీ లేవు. ఒకరోజు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టమంటే తీసుకున్నా. చూస్తే లోపల స్టేషన్ మాస్టారు! ఊరంతటితో కబుర్లు! నేను చేరి పక్కిల్లు తీసుకున్నా. నేనని ఆయనకి తెలీదు. తెలిస్తే మళ్ళీ నోరు మూసేస్తాడు. ఇప్పుడు అరుగూ లేదు, ఆ చివరినుంచి ఇంతదూరం నడిచి రాలేనన్నాడు."

అప్పటిదాకా 'వాడు' అనుకున్నవాడు ఆ క్షణంలో 'ఆయన' అయిపోయాడు. ఊరుకుని ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ కళ్ళు చూసి ఊరుకోలేకపోయాను.

"ఆ డ్రైవర్ని నేనే," అన్నాను.

"నువ్వా? ఎందుకు?"

"కుళ్ళు. అతనితో అంత నవ్వుతుంటే చూడలేకపోయాను."

"మా నాన్న మీద కుళ్ళుకున్నావా?"

ధడేలుమని కిటికీ మూసేసింది. ఎనిమిది రోజులు దాని సందులోంచి చీటీలు మాత్రమే వచ్చాయి.

ఊరి సభ ఓటుని వెనక్కి తిప్పలేం. బస్సుని తిప్పగలను. నాలుగో వీధి చివర కొత్త స్టాపు పెట్టాను, మాస్టారి గుమ్మం ముందే. మొదటిరోజు ఆయన ఒక్కరే ఎక్కారు.

"నాకోసం ఇంతదూరం వచ్చారా డ్రైవర్ గారూ!"

"అరుగు విషయంలో తప్పు చేశానండీ. బస్సుకి అదేమీ అడ్డం కాదు. నాకే అడ్డం అనిపించింది. ఆ లైబ్రరీ అమ్మాయి మీతో నవ్వుతుంటే ఓర్వలేకపోయాను. బయట మేమిద్దరం ఒకేచోట పనిచేస్తాం."

ఆయన తల మీద అక్షరాలు కుప్పలుగా వచ్చాయి.

"అయితే ఆ వెనక గది అబ్బాయివి నువ్వేనా! రోజూ నీ కథే కదయ్యా! నోరు తెరుస్తాడు, మూసేస్తాడు, ఎప్పుడు చెబుతాడో మాస్టారూ అని. ఇంకెవరికీ చెప్పుకోలేదు పిచ్చిది. తండ్రికి అసలే చెప్పుకోలేదు."

"తండ్రి అంటే... ఆవిడ ఎవరో మీకు తెలుసా?"

"దాని నవ్వు అక్షరాల్లో కూడా తెలుస్తుంది నాయనా. చెప్పకు. తెలుసని తెలిస్తే అరుగు మీదికి రావడం మానేస్తుందని నా భయం."

స్టీరింగ్ పట్టుకుని నాలో నేనే సిగ్గుతో చచ్చాను. ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది నా గురించి చెప్పుకుంటున్న కబుర్లు చూసి. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను బస్సుతో సహా పడ్డాను.

రెండో వీధిలో బస్సు ఆగింది. ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. మాస్టారు దిగగానే ఆమె ముఖం వెలిగింది. నా వైపు చూసి ఎనిమిది రోజుల తరవాత మొదటి మాట అంది: "రెండు నిమిషాలు లేటు."

మరో నాలుగు రోజులకి షాపులోకి ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో విరిగిన ఫ్రేము, గోళ్ళ నిండా గ్రీజు. "రా నాన్నా, కూర్చో," అని ఆమె గొంతు వినిపించింది. పరీక్షంతా అయ్యాక చీటీ కిటికీ సందులోంచి రాలేదు. ఆయనే తెచ్చాడు. కిటికీ తలుపు తీసి, వంగి, నా ముఖం నిదానంగా చూశాడు.

"ఆదివారం ఇంటికి రా. బస్సు వద్దు."

ఆయన వెనక, ఆమె చేతిలోంచి లెన్సుల పెట్టె కిందపడింది. "నాన్నా! నీకు తెలుసా? ఎప్పట్నుంచి?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మొదట్నుంచీ. రేపు అరుగు మళ్ళీ కడతాను. ఇంట్లో కూడా ఒకటి."

ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "అయితే మాస్టారికి నేను చెప్పినవన్నీ నీకు చెప్పేశాడా?"

"అన్నీ."

కిటికీ దాకా వచ్చింది. నేను నోరు తెరిచాను.

"ఏంటి, పవర్ అర్థం కాలేదా?" అంది.

"అర్థమైంది. నువ్వంటే నాకు ఇష్టం. రెండేళ్ళుగా."

వాళ్ళ నాన్న చటుక్కున గోడ వైపు తిరిగి, అక్షరాల చార్టుని పైనుంచి ఆఖరి వరస దాకా బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు.