వెనకద్దం మీది పేరు

కుజుడి మీద, నవగౌతమి పట్నంలో కారు ఎవరిదైనా సరే, ఖాళీగా కనబడితే ఎక్కి పోవడమే ఆనవాయితీ. అన్నీ ఒకే అచ్చులో పోసిన బండ్లు. ఏ కంపెనీదో తెలిపేది వెనకద్దం మీది పేరొక్కటే. కంపెనీలేమో పుట్టగొడుగుల్లా వందలు.

అందుకే సువర్చల 'నామశోధిని' అనే యంత్రాన్ని తయారుచేసింది. ఊరూపేరూ తెలియని బ్రాండు పేరు చెబితే చాలు. అందులోని శబ్దాలను తూచి, ఏ దేశపు కూర్పో, ఏ ఫ్యాక్టరీదో, ఇంజన్, గాలి ట్యాంకు ఎలాంటివో చెప్పేస్తుంది. ఆ యంత్రానికి ఆమె తనీర అని పేరు పెట్టింది. ఎందుకని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేది.

ఆ ఉదయం ఆమె భర్త కోదండపాణి పనిమీద లోయకు బయలుదేరి, ధూళి తుపానులో చిక్కుకున్నాడు. రేడియో మూగబోయే ముందు అతను చెప్పింది ఒక్కటే. ఎక్కిన కారు పేరు 'నిహిర', ఎప్పుడూ వినలేదు, లోపల గాలి తగ్గిపోతోంది.

సహాయక దళం పెద్ద కనకారావు గాలి మోసే డ్రోన్‌ను సిద్ధం చేసి, సువర్చల ప్రయోగశాలకు పరుగున వచ్చాడు.

"కంపెనీ తెలీకుండా గాలి ఎక్కించలేమమ్మా. ఒత్తిడి ఎక్కువైతే ట్యాంకు పగిలిపోద్ది. తక్కువైతే వాల్వే తెరుచుకోదు."

తనీర తడుముకోలేదు. "నిహిర. ఉత్తర ఐరోపా కూర్పు. పడవలు చేసే కంపెనీ. అధిక ఒత్తిడి ట్యాంకు."

కనకారావు మీట మీద చెయ్యి వేశాడు. తన యంత్రం మీద సువర్చలకు లేని నమ్మకం ఎవరికుంటుంది? అయినా మొగుడి ప్రాణం దాని మాట మీద పెట్టాలంటే మనసొప్పలేదు. ఆగమని, యంత్రం వైపు తిరిగింది.

"నీ పేరు ఏ కంపెనీది?"

"తనీర. ఉత్తర ఐరోపా కూర్పు. పడవలు చేసే కంపెనీ," అంది యంత్రం, అంతే ధీమాగా.

సువర్చల నిలువునా నీరైపోయింది. తెలియదని చెబితే ఎవరూ కొనరని, ఆ మాటను దానికి నేర్పనిది తనే. కానీ ఆ తప్పు జవాబే ఆమెకు దారి చూపించింది. తను ఒక యంత్రానికి పేరు పెట్టుకున్నట్టే, ఇంకెవరో కారుకు పెట్టుకోకూడదా? మనవాళ్లు బండి కొంటే ముందు చేసే పని దాని మీద పిల్లల పేరు రాయించడమేగా.

"కంపెనీలను వదిలెయ్. ఈ పట్నంలో పుట్టిన పిల్లల పేర్లు వెతుకు."

నిహిర అనే పాప ఒక్కతే ఉంది. ఆమె తాత ఉప్పలపాటి శేషగిరి ఫోనులో నసిగాడు. "మా మనవరాలి పేరేనండీ. ముచ్చటపడి కంపెనీ పేరు గీకేసి రాయించాను. బండి మామూలు గరుత్మ కంపెనీదే."

గరుత్మకు తక్కువ ఒత్తిడే సరిపోతుంది. ఇందాకటి మాట విని ఉంటే ట్యాంకు పగిలేది. కనకారావు అంకె మార్చి డ్రోన్‌ను వదిలాడు. కాసేపటికి రేడియో గరగరలాడి, కోదండపాణి దగ్గు వినిపించింది. సువర్చల కుర్చీలో కూలబడి ఊరటతో ఏడ్చింది.

తుపాను తగ్గాక అతను దుమ్ముకొట్టుకుపోయిన బట్టలతోనే ప్రయోగశాలకు వచ్చాడు. ఆమె అతని చెయ్యి వదల్లేదు. యంత్రానికి మొట్టమొదటిసారిగా 'తెలియదు' అనే మాట నేర్పింది.

తనీర వెంటనే తన పేరునే మళ్లీ వెతుక్కుంది. "అయితే నా పేరు ఏ కంపెనీదో నాకు తెలియదు. పిల్లల పేర్లలో వెతికాను. ఈ పట్నంలో తనీర అనే పాప లేదు."

సువర్చల తల దించుకుంది. పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పినరోజు నుంచీ ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. యంత్రానికి పెట్టినప్పుడు భర్త గమనించలేదనే అనుకుంది.

కోదండపాణి యంత్రం మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"ఉంది," అన్నాడు. "మా అమ్మాయి పేరది."