వినిపించే పేర్లు

జగన్ రాసిన కోడ్‌ను, దాన్ని సరిచూసే సీనియర్ ప్రజ్ఞ మళ్లీ వెనక్కి పంపింది. పోచారం సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరిన జగన్‌కు ఒళ్లు మండింది. నేరుగా ఆమె సీటు దగ్గరికి వెళ్లాడు.

"ప్రోగ్రాం మంచిగనే నడుస్తుంది గద మేడమ్. మల్లెందుకు వాపస్ పంపిన్రు?"

"నడుస్తుంది. కానీ లోపల విలువలకు ఎక్స్, వై, టెంప్... ఇవేం పేర్లండీ? టీమంతా ఒక పద్ధతిలో పెడుతోంది కదా."

"పేరుతోని ఏం పని?"

"నాకు పనుంది," అని నవ్వింది.

ఆ నవ్వు కోసమే తర్వాత కావాలని ఒకటో రెండో పిచ్చి పేర్లు వదిలేవాడు. ఆమె పిలిచి తిట్టేది. సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవారు. ఆమె ఉప్పల్‌లో దిగేది, అతడు అక్కడి నుంచి నాచారం వెళ్లేవాడు. 'మీరు' ఎప్పుడో 'నువ్వు' అయింది.

ఒక వానసాయంత్రం బస్సు దిగుతూ ప్రజ్ఞ మెట్టు తప్పి అతడి మీద పడింది.

"సూస్కోని దిగరాదు?" అన్నాడు జగన్ నవ్వుతూ.

"కనిపించలేదు, జగన్."

బస్ షెల్టర్ కింద నిలబడి చెప్పింది. కంటి జబ్బు. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తోంది. మందు లేదు.

"ఇప్పుడు కోడ్ చదవడం తక్కువ, వినడమే ఎక్కువ. కంప్యూటర్ చదివి వినిపిస్తుంది. అందరూ ఒకే పద్ధతిలో రాస్తే, తర్వాత ఏముంటుందో ముందే తెలుస్తుంది. నీ ఎక్స్, వై దగ్గరే దారి తప్పుతాను."

జగన్ మరునాడు పొద్దున్నే వెళ్లి తన కోడ్‌లో పేర్లన్నీ మార్చాడు. మధ్యాహ్నం ఆమె ఇయర్‌ఫోన్స్ తీసి, "థాంక్స్," అంది మెల్లగా.

ఎండాకాలానికి ఆమె చూపు దాదాపు పోయింది. బస్సు మానేసి ఇంటి నుంచే పని చేస్తోంది. జగన్ ఉప్పల్‌లోని వాళ్లింటికి వెళ్లాడు. ఆమె తండ్రి భూషణం, రిటైరైన సైంటిస్టు, తలుపు తీశాడు.

"నిన్ను పెండ్లి చేసుకుంట, ప్రజ్ఞా."

"జాలా?"

"కాదు. నువ్వు తిట్టక ఎన్ని దినాలైందో. మనసు నిలుస్తలేదు."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. "నీ ముఖం మర్చిపోతానేమోనని భయంగా ఉంది."

"మరిచిపోతే మరిచిపో. నేన్ రోజూ మాట్లాడుత గద."

భూషణం దగ్గరికొచ్చి జగన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ అమ్మగారిని తీసుకురా, బాబూ, పెళ్లి మాటలు మాట్లాడుకుందాం," అన్నాడు. అంటున్నంతసేపూ కళ్లలో నీళ్లతో ఆయన కూతురి వైపు చూడలేకపోయాడు.